లావు బుడిపెకు కుంకుమ

గురునాథ్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని బీదర్ గంజ్ వెనుక సందులో తెలియనివారు లేరు. ఆ మాట మొహం మీద అంటే ఇంకా కోపమొస్తుంది కాబట్టి ఎవరూ అనరు, అంతే. అతని బ్యాటరీల దుకాణానికి ట్రాక్టర్లవాళ్ళు, ఆటోలవాళ్ళు, ఇన్వర్టర్లవాళ్ళు అందరూ వస్తారు. వచ్చినవాళ్ళు ముందు తిట్లు తింటారు, ఆ తర్వాత పని చేయించుకుంటారు.

"నీళ్ళు జూసినవా? ఎన్నడు జూసినవ్? నల్లా నీళ్ళు గిట్ల పోసినవా ఏంది? ఇగ పో, దాన్ని జంపినవ్ పో!" అని అతను గొంతు చించుకుంటుంటే మీసాలున్న మొగోళ్ళు కూడా తలలు వంచుకుని వింటారు. పనిమంతుడు మరి. చచ్చిందనుకున్న బ్యాటరీ అతని చేతిలో పడితే లేచి కూర్చుంటుంది. పని వచ్చినవాడు ఎంత నోరు పారేసుకున్నా చెల్లుతుంది, ఇదెక్కడి న్యాయమో!

అలాంటి గురునాథ్ కూడా ఒక మనిషిని చూస్తే గుటకలు మింగుతాడు. ఆమె పేరు సుందరాబాయి.

మహర్నవమి ఇంకా ఐదు రోజులుందనగా ఆమె దుకాణం ముందు ఆటో దిగింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. కాసెపోసి కట్టిన ఆకుపచ్చ చీర, నుదుటి మీద పచ్చబొట్టు, చేతిలో గొడుగు. ఆటో డ్రైవరు గోనెపట్టాలో చుట్టిన బ్యాటరీని మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఇప్పట్లో లేచేది లేదన్నట్టు గొడుగు మడిచి పక్కన ఆనించింది.

"మల్లానా పెద్దమ్మా?" అన్నాడు గురునాథ్. గొంతు అతనికే పీలగా వినిపించింది.

"మల్లా ఏంది బిడ్డా, మూడోపారి."

మూడోసారే. సుందరాబాయి భర్త దేవప్ప ఒక పెద్ద డాక్టరు దగ్గర డ్రైవరుగా పనిచేశాడు. డాక్టరుకు చూపు తగ్గాక తన ఆస్టిన్ కారును దేవప్ప చేతిలో పెట్టి, "నాకంటే నీకే ఎక్కువ తెలుసు దీని సంగతి" అన్నాడు. పంతొమ్మిదివందల యాభై రెండు నాటి విలాయతీ బండి అది. ముప్ఫై తొమ్మిదేళ్ళు దేవప్ప దాన్ని కడిగాడు, తుడిచాడు, తిప్పాడు. బానెట్ మీద ఇంకొకరిని చెయ్యి వేయనివ్వలేదు. ఆయన చేతిలో బ్యాటరీ అంటే ఐదేళ్ళకు తక్కువ నడిచేది కాదు. నాలుగేళ్ళ కింద ఆయన పోయాడు. ఆ మరుసటి ఏడు నుంచి బ్యాటరీల బాధ్యత గురునాథ్ మీద పడింది. అప్పటి నుంచే ఈ తంటా.

మొదటిది మూతలే లేని సీలు బ్యాటరీ ఇచ్చాడు. "నీళ్ళు పోసే పనే లేదు, మర్చిపోయినా ఏం గాదు" అన్నాడు. ఏడు నెలలకు అది పడుకుంది. పాత బండికి ఈ కొత్త రకం పడలేదేమో అనుకుని రెండోసారి ట్రాక్టర్ బ్యాటరీ ఇచ్చాడు. అది బండిలో బ్యాటరీ కూర్చునే తట్టలో పట్టకపోతే తట్ట అంచు కోశాడు. ఏడాది తిరక్కుండా అదీ పోయింది. మూడోది సరిగ్గా ఆ తట్ట కొలతకే, ఆరు మూతలు విప్పి నీళ్ళు పోసుకునే రకం, హైదరాబాద్ నుంచి తెప్పించాడు. ఇదిగో, అదే ఇప్పుడు గోనెపట్టాలో ఉంది.

"పోయినేడు జరిగింది ఎర్కనే గదా నీకు" అంది సుందరాబాయి.

ఎందుకు తెలియదు, బీదర్‌లో సగం మంది చూశారు. మహర్నవమి నాడు ఆయుధపూజ అయ్యాక ఆమె స్వయంగా కారు నడుపుకుంటూ జనవాడలో ఉన్న అక్క తాయవ్వకు పూర్ణం పోలెలు ఇచ్చి వస్తుంది. దేవప్ప నేర్పిన డ్రైవింగు, దేవప్ప పెట్టిన ఆనవాయితీ. తాయవ్వ నడవలేదు, కాళ్ళు పోయాయి. ఆ ఒక్క రోజు మధ్యాహ్నం నుంచే గడపలో కూర్చుని హారన్ కోసం చెవులు రిక్కిస్తుంది. పోయినేడు వెళ్ళడం బాగానే వెళ్ళింది. వచ్చేటప్పుడు మసక పడితే లైట్లు వేసింది. ఊరు దాటి కాలువ మీది మోరీ దగ్గరికి రాగానే లైట్లు ఎర్రబడ్డాయి, బండి దగ్గి ఆగిపోయింది. ఎవరో ట్రాక్టరాయన తాడు కట్టి లాగాడు. స్టీరింగు పట్టుకుని సుందరాబాయి, ముందు తాడు, వెనుక పిల్లల కేకలు. ఎవరి ముందూ తల దించని మనిషి ఆ రోజు బీదర్ వచ్చేదాకా స్టీరింగు చక్రం వంక తప్ప ఇంకెటూ చూడలేదు.

"ఆ తాడు డిక్కీలనే ఉంచిన" అందామె. "ఈపారి గూడ దారిల ఆగిందనుకో, దసరా తెల్లారి జోయెల్‌కు తాళాలు ఇచ్చేస్త. నా కొడుకు సంగమేష్ రోజూ అదే పాట, ఇచ్చెయ్ అమ్మా ఇచ్చెయ్ అమ్మా అని. ఆనిదేం తప్పు లే. తాడు కట్టి గుంజుకచ్చేదాన్ని బండి అంటరా ఎవలన్న?"

జోయెల్ అంటే హైదరాబాద్ రోడ్డులో కొత్తగా పెట్టిన రిసార్టుకు మేనేజరు. కారును లాన్‌లో పెడితే వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారని అతని ఓనర్ల ఆలోచన.

"మంచిగనే జూసుకుంటరేమో పెద్దమ్మా."

"అడిగిన. అబద్ధం జెప్పలే పాపం. ఇంజను దీసేసి బానెట్ల పూలకుండీలు పెడ్తరంట." ఆమె నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

గురునాథ్ గుండె కలుక్కుమంది. పదేళ్ళప్పుడు ఒళ్ళు కాలిపోతుంటే అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది ఆ ఆస్టినే. తండ్రి భీమప్ప అడగకముందే దేవప్ప బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. వెనుక సీటు తోలు చల్లగా చెంపకు తగలడం అతనికి ఇప్పటికీ గుర్తుంది. ఆ బండిని తన బ్యాటరీలే పూలకుండీల పాలు చేస్తున్నాయంటే అన్నం ఎలా దిగుతుంది?

మనసులో అంత బాధ ఉంటే మంచిమాట రావాలి కదా. రాలేదు. కోపమే వచ్చింది.

"నువ్వు నీళ్ళు జూస్తలేవు పెద్దమ్మా, గంతే!"

"అమాస అమాసకు జూస్తున్న. గీత దాకా పోస్తున్న. గీత దాటకుంట."

మూతలు ఆరూ విప్పి చూశాడు. నీళ్ళు సరిగ్గా గీత మీదే ఉన్నాయి. తిట్టడానికి సందు దొరక్కపోయేసరికి చిర్రెత్తుకొచ్చింది. లోపల బుడ్డి తేలే గాజు గొట్టంతో ఒక్కో గదిలోని ఆసిడ్‌ను పీల్చి చూశాడు. చార్జ్ ఉంటే బుడ్డి పైకి తేలాలి. ఆరు గదుల్లోనూ ఒకే తీరుగా అడుక్కు కూర్చుంది. బ్యాటరీ చెడిపోతే ఏదో ఒక గది ముందు పోతుంది. ఆరూ సమానంగా ఖాళీ అయ్యాయంటే అది జబ్బు కాదు, ఆకలి. తిండి అందక పడిపోయింది.

"బండిల మీటర్ ఉన్నది గదా, దేవప్పమామ బిగించుకున్నది. బండి నడుస్తుంటే ముల్లు ఎటు దిక్కు పోతాంది?"

"ప్లస్ దిక్కే, జర."

"లైట్లు ఏస్తే?"

"ఇంకా ప్లస్ దిక్కు పోతది."

"మరింకేం! చార్జింగ్ బ్రహ్మాండంగ అయితాంది!" అని బల్ల మీద ఒక్కటి చరిచాడు. అన్నాడే గానీ, చార్జింగ్ అంత బ్రహ్మాండంగా ఉంటే ఇది ఆకలితో ఎందుకు పడిందో అతనికి అంతు చిక్కలేదు. అంతు చిక్కనప్పుడు మనిషి ఆగి ఆలోచించాలి. గురునాథ్ ఒట్టు పెట్టాడు. "ఈపారి నా బ్యాటరీ వల్ల బండి ఆగితే ఈ బోర్డు పీకేస్త పెద్దమ్మా! భీమప్ప కొడుకును గాదు నేను!"

దుకాణం వెనుకే ఇల్లు. అతని భార్య సవిత తలుపు సందులోంచి తొంగి చూసింది. "ఆ బోర్డు మీద ఇప్పటికి ఎంతమందికి ఒట్లు పెట్టినవో యాది ఉన్నదా? అది నీ ఒట్లకే వంగింది, గాలికి గాదు."

సుందరాబాయి గొడుగు తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

గురునాథ్‌కు ఓపిక అనేది ఉందా అంటే ఉంది, బ్యాటరీల దగ్గర మాత్రం. తొందరపడి ఎక్కువ కరెంటు పంపితే లోపలి పలకలు వేడెక్కి వంకరపోతాయి. అందుకని మూతలు తీసి పెట్టి, సన్న ధారగా రెండు రోజులు చార్జ్ పెట్టాడు. పూటకోసారి గాజు గొట్టంతో చూశాడు. బుడ్డి నెమ్మదిగా తేలుతూ వచ్చి ఆరు గదుల్లోనూ నిండు గీతకు చేరింది.

అష్టమి సాయంత్రం దాన్ని సుందరాబాయి ఇంటికి తీసుకెళ్ళాడు. షెడ్డులో ఆస్టిన్ నల్లగా నిగనిగలాడుతోంది. బానెట్ ఎత్తి, బ్యాటరీని తట్టలో కూర్చోబెట్టి, దేవప్ప నాటి తోలు బెల్టుతో బిగించాడు. ఇక తీగలు. ఆ బండి తీగల చివర సీసంతో చేసిన చిన్న టోపీలుంటాయి. బ్యాటరీ బుడిపెల మీద వాటిని బోర్లించి, పైనుంచి ఒక మర బిగించాలి. ఒక టోపీ తీగ బండి బాడీకి పోతుంది, ఇంకోటి సెల్ఫ్‌కు. రెండు టోపీల నిండా ఏళ్ళ తరబడి పేరుకున్న పసుపూ కుంకుమా గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఏంది పెద్దమ్మా ఈ ఆగం!" అని వేడినీళ్ళలో వంటసోడా కలిపి బ్రష్షుతో రుద్దడం మొదలుపెట్టాడు. "ఈ చెత్త ఉంటె కరెంట్ ఎట్ల పోవాలె?"

పిండి చేతులతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది ఆమె. "కడుగకు బిడ్డా! అది మా ఆయన పెట్టిచ్చింది. లావు బుడిపెకు కుంకుమ, సన్నదానికి పసుపు. కుంకుమది బండికి కట్టాలె అనేటోడు. మొదటిపారి గూడ చెప్పిన నీకు."

"పూజ గుళ్ళె పెద్దమ్మా, కరెంట్ ఈడ" అన్నాడు, మొదటిసారి అన్నట్టే. పనిలో ఉన్నాడు, చెవిన పెట్టలేదు. బ్యాటరీకి ప్లస్ బుడిపె లావుగా, మైనస్ సన్నగా ఉంటుందని అతనికి తెలియదా? బండి బాడీకి మైనస్ కట్టాలని అ ఆల కంటే ముందు నేర్చుకున్నాడు. వేల బళ్ళకు అలాగే కట్టాడు. కాకపోతే ఈ బండిలో బాడీ వైపు టోపీ ఎందుకో సన్న బుడిపె మీద వదులుగా ఊగుతుంది. మూడేళ్ళ కిందటే దాని లోపల సీసపు రేకు ముక్క ఇరికించాడు. రెండో టోపీ లావు బుడిపెకు పట్టకపోతే చాకుతో లోపల గీకి వెడల్పు చేశాడు. "విలాయతీ కంపెనీలకు కొలతలు రావు" అని అప్పుడు తిట్టుకున్నాడు కూడా.

"సరే గానీ ఒక మాట విను" అంది సుందరాబాయి. "ఈ మూడేండ్లు నువ్వు ముందే బిగిచ్చి పోయినవు, నేను టోపీల మీదనే బొట్లు పెట్టిన. ఈపారి ఆయన ఉన్నప్పటి లెక్క చేద్దాం. బుడిపెలు ఉత్తగ ఉంచు. పొద్దుగాల నేను బొట్లు పెట్టినంక, పళ్ళెంల రూపాయి బిళ్ళతోని నువ్వు బిగియ్యి. ఆయుధపూజ నాడు పాన ముట్టొద్దు గదా."

వాడని రాత్రి తీగ విప్పి ఉంచడం బ్యాటరీకి మంచిదే. గురునాథ్ ఒప్పుకున్నాడు.

నవమి పొద్దున దుకాణంలో పానలు, స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు అన్నీ కడిగి, లక్ష్మీ పటం ముందు పేర్చి, బంతిపూల దండ వేసి దండం పెట్టుకున్నాడు. ఇక రేపు పొద్దుటి దాకా వాటిని కదిలించేది లేదు. బీదర్‌లో ఏ షెడ్డు చూసినా అంతే, ఆ రోజు ఇనుముకు సెలవు. తర్వాత సవితను వెంటబెట్టుకుని సుందరాబాయి ఇంటికి వెళ్ళాడు.

షెడ్డు ముందు ముగ్గు, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. సంగమేష్ మోటారుసైకిల్ తుడుస్తున్నాడు. జోయెల్ తెల్లచొక్కా వేసుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. పిలిచినందుకు వచ్చాడు పాపం, కానీ అతన్ని చూస్తే గురునాథ్‌కు బానెట్‌లో పూలకుండీలే కనబడ్డాయి.

సుందరాబాయి హారతిచ్చి, పళ్ళెం పట్టుకుని బానెట్ దగ్గరికి వచ్చింది. లావు బుడిపెకు కుంకుమ పెట్టింది. సన్న బుడిపెకు పసుపు పెట్టింది. "ఇగ కట్టు బిడ్డా" అని రూపాయి బిళ్ళ చేతికిచ్చింది.

గురునాథ్ బాడీ తీగ టోపీ పట్టుకున్నాడు. పసుపు బుడిపె మీద పెట్టబోయాడు.

"అది గాదు, కుంకుమది. కుంకుమది బండికి."

"పెద్దమ్మా, కుంకుమ పెట్టింది ప్లస్. ప్లస్ బాడీకి కడ్తె..." అని విసుక్కుంటూ నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

లావుది బండికి. చేతిలోని టోపీ వంక చూశాడు. వేలితో సీసపు రేకు బయటికి లాగి, టోపీని లావు బుడిపె మీద పెట్టి చూశాడు. అచ్చంగా దానికోసమే పోసినట్టు కూర్చుంది. కొలతలు రానిది కంపెనీకి కాదు. ఈ బండి పుట్టుకే ప్లస్ బాడీకి. ఆ కాలపు విలాయతీ బళ్ళు కొన్ని అలా ఉండేవని తండ్రి ఎప్పుడో అన్న మాట ఇప్పుడు చెవిలో మోగింది. తను బ్యాటరీని తలకిందులు కడితే మీటరూ తలకిందులే చెబుతుంది. ముల్లు ప్లస్ వైపు ఎంత పోతే అంత ఖర్చవుతున్నట్టు. లైట్లు వేస్తే ఇంకా పోయిందంటే మరి పోదా! ఇంజనుతో తిరిగే డైనమో ఇచ్చే కరెంటు బ్యాటరీకి ఒక్క బొట్టు కూడా చేరలేదు. డైనమోను బ్యాటరీకి కలిపే కటౌట్ పెట్టె రెండుసార్లు విప్పి చూస్తే లోపలి బిళ్ళలు మసిబారి ఉన్నాయి. ముసలితనం అనుకుని గరుకు కాగితంతో రుద్ది మూసేశాడు. మూడు బ్యాటరీలు! మూడింటినీ తనే ఆకలితో చంపి, ఈ పెద్దమనిషిని తిట్టాడు.

చెవులు వేడెక్కాయి.

ఇప్పుడు ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు. బ్యాటరీ నిండుగా ఉంది. ఎప్పటిలాగే తప్పుగానే కట్టేసినా బండి స్టార్ట్ అవుతుంది, జనవాడ పోయి రావచ్చు కూడా. రేపు పానలు చేతికొచ్చాక చప్పుడు కాకుండా వచ్చి సరిచేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? భీమప్ప కొడుకు ఇజ్జత్ నిలుస్తుంది. వచ్చేటప్పుడు లైట్ల దగ్గర పోతే... పోతే మళ్ళీ తాడు. మళ్ళీ ఆమె, ఆ స్టీరింగు. ఆ తర్వాత పూలకుండీలు.

సవిత అతని మొహమే చూస్తోంది.

"తప్పు నాది పెద్దమ్మా" అన్నాడు గురునాథ్. అందరికీ వినబడేలాగే అన్నాడు. "మూడేండ్లసంది ఉల్టా కట్టిన. నీ బండి మంచిగనే ఉన్నది. బ్యాటరీలు మంచియే. నీళ్ళు నువ్వు బరాబర్ పోసినవ్. ఖరాబ్ జేసింది నేను."

గురునాథ్ తప్పు ఒప్పుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. సంగమేష్ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది.

"అయితే ఇప్పుడేం చెయ్యాలె గురన్నా? పాన తెమ్మంటవా పక్కింట్లకెంచి?" అన్నాడతను.

"తెస్తే కాళ్ళిరగ్గొడ్త" అంది సుందరాబాయి. "పండుగనాడు పాన ముడ్తవా? గురూ, ఏం గావాలె నీకు?"

గురునాథ్ పూజపళ్ళెం వంక చూశాడు. రూపాయి బిళ్ళ చేతిలోనే ఉంది. అగరుబత్తుల పక్కన అగ్గిపెట్టె ఉంది. తీర్థం ఇచ్చే ఇత్తడి ఉద్ధరిణి ఉంది.

"ఈ పళ్ళెం చాలు" అన్నాడు.

తోలు బెల్టు చేత్తో విప్పి, బ్యాటరీని అటుది ఇటు తిప్పి కూర్చోబెట్టాడు. కుంకుమ బుడిపె మీద బాడీ టోపీ బోర్లించి రూపాయి బిళ్ళతో మర తిప్పాడు. రెండో టోపీని తనే గీకి పాడుచేశాడు కదా, అది సన్న బుడిపె మీద లూజు. ఇందాక లాగిన సీసపు రేకు ఇప్పుడు దానికి పెట్టాడు. కటౌట్ పెట్టె మూత గోటితో తీసి, మసిబారిన బిళ్ళల మధ్య అగ్గిపెట్టె పక్క చీల్చి పెట్టి పదిసార్లు రుద్దాడు. ఇక డైనమోకు ప్లస్ ఎటో మైనస్ ఎటో మళ్ళీ గుర్తుచేయాలి. ఉద్ధరిణి కాడను పెట్టెలోని రెండు మరలకు ఒక్క రెప్పపాటు ఆనించాడు. చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది.

"అయ్యో, మా అత్తమ్మ ఉద్ధరిణి!" అంది సుందరాబాయి.

"ఏం గాలే పెద్దమ్మా, తీర్థానికి గూడ పనికొస్తది" అన్నాడు. చాలాసేపటికి ఆమె నవ్వింది, ఈసారి కళ్ళతో సహా.

చీర కుచ్చిళ్ళు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుని స్టార్టు చేసే నాబ్ లాగింది. ఆస్టిన్ రెండుసార్లు గొణిగి అందుకుంది. నిమ్మకాయలు నాలుగూ టప్పున చితికాయి. గురునాథ్ పక్క సీట్లో కూర్చుని రోడ్డు చూడలేదు, పక్కనున్న పెద్దమ్మను చూడలేదు, మీటరు ముల్లునే చూశాడు. బండి వేగం అందుకోగానే అది ప్లస్ వైపు జరిగింది. "లైట్లు ఎయ్యి పెద్దమ్మా" అన్నాడు. పట్టపగలు లైట్లు వేయగానే ముల్లు మైనస్ వైపు పడింది, ఖర్చును ఖర్చుగానే చూపిస్తూ. అతనికి ప్రాణం లేచొచ్చింది. మైనస్ చూసి ఇంత సంతోషించిన మనిషి బీదర్ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

జనవాడలో తాయవ్వ గడపలోనే ఉంది. హారన్ మూడుసార్లు మోగింది. పోలెలు తిని, నెయ్యి చేతులు తుడుచుకుని, అక్కాచెల్లెళ్ళు దేవప్పను ఒకసారి తలుచుకుని ఒకసారి తిట్టుకుని, లేచేసరికి పొద్దు వాలింది.

తిరుగుదారిలో మసక పడింది. లైట్లు వేశారు. వెనుక మోటారుసైకిల్ మీద సంగమేష్, జోయెల్ వస్తున్నారు. మోరీ దగ్గరికి రాగానే బండి నెమ్మదించింది, పక్కకు జరిగింది, ఆగింది. ఇంజను చప్పుడు పోయింది.

గురునాథ్ చటుక్కున మీటరు వంక చూశాడు. "ఏమైంది పెద్దమ్మా?"

"ఏం గాలే. నేనే ఆపిన. పోయినేడు ఈడనే."

"మరి లైట్లు బందు జెయ్యి!"

"ఉండని."

లైట్లు రోడ్డు మీద పచ్చగా పరుచుకుని ఉన్నాయి. ఆమె తీరిగ్గా వెనక్కి ఒరిగింది. గురునాథ్ కళ్ళు లైట్ల మీదే ఉన్నాయి. ఎర్రబడుతున్నాయా? లేదు. పడుతున్నాయేమో?

"మా ఆయన గూడ గిట్లనే జేసిండు ఎర్కనా" అంది సుందరాబాయి. "బండి ఇంటికచ్చిన కొత్తల బ్యాటరీ ఉల్టా కట్టి డైనమో కాల్చిండు. డాక్టర్‌సాబుకు చెప్పాలంటే సిగ్గు. నెల రోజులు నా మీద ఊకె అరిసిండు, అన్నంల ఉప్పు ఎక్కువైందని, తక్కువైందని. ఆఖరికి చెప్పిండు. 'సుందరా, నేను మర్చిపోత గాని నువ్వు కుంకుమ పెట్టుడు మర్చిపోవు. లావుదానికి నువ్వు కుంకుమ పెట్టు, అది జూసి నేను కడ్త' అన్నడు. గా దినం నుంచి ముప్ఫై తొమ్మిదేండ్లు తప్పు పోలే."

"మరి నాకు ఇదంత ఎందుకు చెప్పలే పెద్దమ్మా?"

"చెప్పనిచ్చినవా? వేన్నీళ్ళు పోసి కడిగినవు."

గురునాథ్‌కు తిట్టడానికి ఎదురుగా తను తప్ప ఎవరూ లేరు. చెయ్యి చాచి ఆమె పాదాల వైపు వంగబోతే, "సాల్లే, గేర్‌కు తగుల్తవ్" అని ఆపింది.

నాబ్ లాగింది. లైట్లు ఒక్కసారి వాలి మళ్ళీ లేచాయి. ఇంజను అందుకుంది.

వెనుక మోటారుసైకిల్ ఆగింది. జోయెల్ పరుగున వచ్చాడు. "ఏమైనా ప్రాబ్లమా అమ్మా?"

"ఏం లేదు బిడ్డా. గురూ, దిగి డిక్కీల తాడు తీసుకరా."

తెచ్చాడు. ఆమె దాన్ని కిటికీలోంచి జోయెల్ చేతిలో పెట్టింది. "పండుగపూట ఉత్త చేతుల్తోని ఎట్ల పంపుత? గిది తీస్కపో. పూలకుండీలు ఏలాడదీసేటందుకు పనికొస్తది."

జోయెల్ తాడు వంక చూసి, ఆమె వంక చూసి, పకపకా నవ్వేశాడు. వెనుక సంగమేష్ కూడా తల గోక్కుంటూ నవ్వాడు.

రోడ్డు మీద ఎవరూ లేకపోయినా సుందరాబాయి ఒకసారి హారన్ కొట్టి బండి కదిలించింది. గురునాథ్ మీటరు వంక చూశాడు. వేగం పెరిగేకొద్దీ ముల్లు నెమ్మదిగా ప్లస్ వైపు జరిగింది. ఈసారి అది నిజమే చెబుతోంది.